కొరికి పంపిన తాడు కొస

మొన్న సోమవారం దంతెవాడ నుంచి జీపులో ఇద్దరు మనుషులు వచ్చారు. మా వసారా గోడకి ఏళ్ళ తరబడి వేలాడుతున్న పాత పెట్టెని ఊడదీసి, ఆ స్థానంలో కొత్త కేబులు తాలూకు పెట్టె బిగించిపోవాలట. ఇద్దరిలో లావుపాటి మనిషి జీపు దిగుతూనే ఒక కాగితం నా ఒళ్ళో పెట్టి, కలం మూత తీసి మరీ చేతికిచ్చాడు.

“దస్తఖత్ చెయ్ అమ్మా. సామాను మొత్తం అందిందని.”

“ఏది సామాను?”

“జీపుల ఉంది గదా. అందినట్టే.”

“జీపుల ఉంటే జీపుకు అందింది. నాకు అందలే.”

రెండో మనిషి నవ్వాపుకోలేక, “ఈ ముసలమ్మ కోర్టుల వకీలు ఉండాల్సింది భయ్యా,” అన్నాడు. నేను కలానికి మూత పెట్టి పక్కన పెట్టుకున్నాను. వాళ్ళు గొణుక్కుంటూ పెట్టె, బ్యాటరీ, తీగచుట్ట, ఇనుప పట్టీలు ఒక్కొక్కటే మోసుకొచ్చి నా ముందు పెడుతుంటే, నేను కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చున్నాను. వాళ్ళకి అరగంట దండగ. నాకు కాదు. పడుచువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముసలిదానికి చాదస్తం అని మాత్రం అనుకోకండి. అందకముందే అందిందని చెబితే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, ముందుది వెనక, వెనకది ముందు పడితే సర్దుకోండి.

నేను పుట్టింది మద్దేడ్ పక్కన పల్లెలో. అత్తవారిల్లు బాసగూడ దగ్గర, తాలిపేరు నదికి ఇవతలి గట్టున. మా అక్కని ఇచ్చింది అదే నదికి అవతల. ఎండాకాలం చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇసకలో నడిచి అక్క ఇంటికి పోయి, ఆమె చేతి అంబలి తాగి, పొద్దు నెత్తిమీదికి రాకముందే తిరిగొచ్చేదాన్ని. వానాకాలం వచ్చిందంటే అదే అక్క లంకలో ఉన్నట్టు. గట్టు మీద నిలబడితే వాళ్ళ ఇంటి పొగ కనపడేది, మనిషి మాత్రం అందేది కాదు. ఉత్తరం వైపు కొండ ఎక్కి, ఎగువ రేవులో దాటి, అడవి దారిన చుట్టుకుపోతే మూడు రోజుల నడక. చంటిపిల్లతో ఎవరూ ఆ దారి పట్టేవాళ్ళు కాదు.

మా కాలంలో ఫోను లేదు. తపాలా ఉందేమో గాని చదివేవాడు లేడు. మాకు కబురంటే తాడు. అడ్డతీగ నారతో పేనిన జానెడు తాడు. ఎన్ని రోజుల్లో రావాలో దానికి అన్ని ముడులు. అందుకున్నవాళ్ళు రోజుకొక ముడి విప్పుకుంటూ ప్రయాణం కట్టుకునేవాళ్ళు. పెళ్ళి కబురైతే తాడుకి పసుపు పూసేవాళ్ళు, చావుబతుకుల కబురైతే మసి. ఒక చివర మాత్రం ముడి లేకుండా నాలుగు వేళ్ళ పొడవు కొస వదిలేవాళ్ళు. తాడు ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషి ఆ కొసని తన పళ్ళతో కొరికి తెచ్చినవాడి చేతిలో పెట్టాలి. కత్తితో కోస్తే చెల్లదు. కత్తి ఎవరిదైనా కావచ్చు, పన్ను మాత్రం ఎవరిది వాళ్ళదే. కొరికిన కొస తిరిగి ఇల్లు చేరితేనే పంపినవాళ్ళకి నిమ్మళం. చేరకపోతే ఇంకో మనిషి, ఇంకో తాడు, ఇంకో దారి. తాడు నడుమ పది చేతులు మారనీ, ఆ పది చేతులవాళ్ళూ కొసని ముట్టుకోకూడదు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు కాదు. నడక నేర్చినట్టే నేర్చుకునేవాళ్ళం.

నాకు పెళ్ళయి రెండేళ్ళు, ఒళ్ళో మూడు నెలల పిల్ల. శ్రావణం. మద్దేడ్ నుంచి మా నాన్నకి పినతండ్రి, మేము చిన్నతాత అని పిలిచే ముసలాయన, రెండు రోజులు వానలో నడిచి మా ఇంటికొచ్చి కూలబడ్డాడు. కాళ్ళు బొబ్బలు, ఒళ్ళు కాలిపోతోంది. చేతిలో మసి పూసిన తాడు, అయిదు ముడులు. అమ్మ మంచం పట్టిందనీ, పెద్దదాన్ని చూడాలని కలవరిస్తోందనీ, తాడు అక్కకేననీ చెప్పాడు. నాకు తాడు అక్కరలేదు, నాకు నోటితో చెబితే చాలు. అక్కని తీసుకుని ఇద్దరం కలిసి పోదామని నేను మనసులో అనుకున్నాను.

అదే పూట మా ఊరి నుంచి ఇప్పగింజల బండి మద్దేడ్‌కు బయల్దేరుతోంది. అది పోతే మళ్ళీ ఎనిమిది రోజులకి గాని బండి లేదు. ఎక్కమంటే చిన్నతాత ఎక్కనన్నాడు. కొరికిన కొస లేకుండా మీ నాన్న మొహం ఎట్లా చూసేది అన్నాడు. పిల్లని అత్త చేతిలో పెట్టి నేను తాడు పట్టుకుని రేవుకి పరుగెత్తాను. దోనె నడిపేవాడు నీళ్ళవైపు చూసి, ఈ పూట కాదు, రేపు పొద్దున దాటిస్తా అన్నాడు. వెనక్కి తిరిగితే దూరంగా బండికి ఎడ్లు కడుతున్న చప్పుడు.

రేపు పొద్దున దాటుతాను. దాటితే ఇచ్చినట్టే. ఇచ్చినట్టే కదా అనుకున్నాను.

ఆ కొసని నేను కొరికాను.

ఇల్లు చేరి చిన్నతాత చేతిలో పెట్టి, అక్కకి ఇచ్చొచ్చాను, పో తాతా అన్నాను. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించి బండెక్కాడు. ముసలాయన మీద జాలితోనే చేశాను, అందులో అబద్ధం లేదు. కాని తెల్లారేసరికి నది రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. రేపు తగ్గుతుందనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. బండి వెనక పరుగెత్తి, తాతా అది నేను కొరికింది, నాన్నకి ఇంకో దారిన తాడు పంపమని చెప్పు అని అనడానికి మొదటి రోజు వీలుండేది. రెండో రోజు కూడా ఎవరో ఒకరిని పంపితే వీలుండేది. అనలేదు, పంపలేదు.

నాలుగు రోజులైనా నీళ్ళు తగ్గలేదు. అయిదో రోజు పిల్లని ఎత్తుకుని ఎవరిదో బండి దొరికితే ఒక్కదాన్నే పోయాను. అమ్మ మూడో రోజే పోయింది. చిన్నతాత తెచ్చిన కొసని అమ్మ గుప్పిట్లో పెట్టారట, ఇదిగో పెద్దది బయల్దేరింది, వస్తోంది అని. అమ్మ ఆ గుప్పిలి విప్పకుండానే గుమ్మంవైపు చూస్తూ పోయిందట. నాన్నకి ఇంకో తాడు పంపాల్సిన పని కనపడలేదు, కొస వచ్చింది కనక. కొండదారిన మనిషిని పంపి ఉంటే, కడచూపుకి అందకపోయినా, అక్క చుట్టుదారినైనా వచ్చి ఉండేది. వచ్చేది. అక్క అటువంటిది.

పదకొండో రోజున సంతలో ఎవరో చెప్పగా విని అక్క ఏడ్చుకుంటూ వచ్చింది. నాన్న అరుగు మీద కూర్చుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. కబురు అంది కూడా రాలేదని ఆయన కోపం. చావుకి కబురైనా పెట్టలేదు, పైగా మొహం తిప్పుతాడా అని ఆమె కోపం. ఆమె మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచి ఒక్క మాట అన్నా తేలిపోయేది. ఇద్దరూ పౌరుషంవాళ్ళు, అనలేదు. నడుమ గుమ్మంలో నేనున్నాను. ఈ కొసా తెలుసు, ఆ కొసా తెలుసు. మిగతా విషయాల్లో నా నోటికి జడవని మనిషి మా ఊళ్ళో లేడు. సర్పంచిని సంతలో నిలబెట్టి కడిగినదాన్ని. ఆ రోజు మాత్రం నా నోరు పెగల్లేదు.

నాన్న బతికినంతకాలం అక్క ఆ గడప తొక్కలేదు. నన్ను మాత్రం అంతకుముందుకన్నా ఎక్కువ చూసుకునేది. కొత్త ధాన్యం రాగానే ముందు నాకు బుట్టెడు. నా రెండో కానుపుకి నడుములోతు నీళ్ళలో దాటొచ్చింది. “పుట్టిల్లంటే నాకిగ నువ్వొక్కదానివే చెల్లే,” అనేది. కొట్టినా తిట్టినా ఓర్చుకోవచ్చు గాని, ఏమీ తెలియక ప్రేమగా చూసేవాళ్ళని ఓర్చుకోవడం చాలా కష్టమండీ.

నలభై అయిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నావని అప్పట్లో అందరూ అడిగారు, నేను ఎవరికీ చెప్పలేదు. ఒకరి చేత రాయించలేని ఉత్తరం ఒకటి నాకుంది, అందుకు. అక్క ఊరి ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన నర్సు నాకు గురువు. కిరండూల్ రైల్వేవాళ్ళ పిల్ల, వాళ్ళది విజయనగరం వైపు. సంత రోజున మా గట్టుకొచ్చి మా వసారాలోనే సూదులు వేసేది. మందుల అట్టపెట్టెలు చింపి, వాటి వెనక అక్షరాలు రాసిచ్చేది.

“ఏటి పిన్నీ, ఈ వయసులో ఎవులికి రాస్తావేటి ఉత్తరం?”

“మా ఆయనకు.”

మా ఆయన పక్కనే కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. “నాకు చదవరాదు, ఆమెకు తెలుసు,” అన్నాడు తల ఎత్తకుండా. ఆ పిల్ల సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. ఒక ఏడాదిలో నాకు చదవడం, రెండో ఏడాదికి రాయడం వచ్చాయి. ‘అక్కా’ అని రాసేదాన్ని. రెండో మాట దగ్గర చెయ్యి ఆగిపోయేది. అట్లా పదిహేనేళ్ళు ఆగింది.

ఇక పెట్టె సంగతి. మా అక్క చిన్నకొడుకు బీజాపూర్ హాస్టల్లో చదివి, వరంగల్‌లో ఇంజినీరై, బెంగుళూరులో ఏవో పెద్ద ఉద్యోగాలు చేసి, ఒక ఏడాది వానలకి ముందు రెండు పెట్టెలూ ఒక కంప్యూటరూ పట్టుకుని మా ఇంటికి దిగాడు. అక్కడ అవతలి గట్టున నా గురువు నర్సమ్మ దగ్గర ఒక మెషిను. ఆమె రోగి నెత్తురు బొట్టు, పుండు, కడుపుతో ఉన్నవాళ్ళ స్కాను, ఏదైనా సరే బొమ్మ తీసి పంపితే, దంతెవాడ దవాఖానలో డాక్టరు చూసి, మందివ్వు అనో, బండెక్కించి పంపు అనో చెప్పాలి. నడుమ మా గోడ మీద పెట్టె, ఎందుకంటే గట్టు మీద ఎత్తయిన ఇల్లు మాదే. తీగలూ స్తంభాలూ వేరేవాళ్ళ పని. వీడి పని, ఆ దారిన బొమ్మ ఎట్లా నడవాలో కట్టుబాట్లు రాయడం. దాన్ని ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ అంటారట. ఆ మాట విని మా సర్పంచి, బస్సు ఏ రోజు నుంచి అని అడిగాడు.

మావాడు నాకు గింజలు పోసి మరీ చెప్పాడు. ఒక్క బొమ్మని వేల ముక్కలు చేసి, ముక్కకొక నెంబరు వేసి పంపుతారు. అవతలివాడు ఏ నెంబరు దాకా వచ్చిందో తిరిగి చెప్పాలి. చెప్పేదాకా పంపినవాడు తన దగ్గర నకలు దాచుకోవాలి. చెప్పకపోతే మళ్ళీ పంపాలి. అంతేకాదు, జవాబు రాకపోతే దారి కిక్కిరిసిపోయిందని తలచి పంపేవాడు వేగం సగానికి తగ్గించుకుంటాడు, మర్యాదస్తుడు. పట్నాల్లో అది సబబే. మా దగ్గర దారి ఖాళీ. ముక్కలు పోయేది నది మీద వానకి, తడిసి ఊగే చెట్లకి. కిక్కిరిసింది కాదని మెషినుకి తెలియదు పాపం, దడిసి దడిసి నత్తలాగ నడిచేది. పొద్దున పంపిన బొమ్మ సాయంత్రానికి పోయేది. కడుపుతో ఉన్న పిల్ల కేంద్రం మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చునేది.

నాకొక నోటుబుక్కు ఇచ్చాడు. పెట్టె మీద పచ్చ లైటు ఎప్పుడు, ఎర్ర లైటు ఎప్పుడు రాయడం, బ్యాటరీలో నీళ్ళు పోయడం, కోళ్ళని తోలడం నా పని. పెట్టె వెచ్చగా ఉంటుందని మా నల్లకోడి దాని మీదికెక్కి పొదగడానికి కూర్చునేది. అక్షరాలు నేర్చుకున్నందుకు నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. వాడికీ నాకూ అది మంచి కాలం. రోజూ నా చేతి కూడు తినేవాడు. అచ్చం అక్క లాగే అన్నం మొదటి ముద్ద ఉత్తగా తినేవాడు.

వానలు ముదిరాక ఒకరోజు వాడు ఎగురుకుంటూ వచ్చాడు. వేగం దొరికిందన్నాడు. శుక్రవారం రాయపూర్ నుంచి సాబ్‌లు జాంచ్‌కి, అంటే తనిఖీకి, వస్తున్నారు. వాళ్ళు చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోపు బొమ్మ దంతెవాడ చేరాలి, చేరకపోతే పెట్టెలు ఊడదీసి పట్టుకుపోతారు, ఇన్నాళ్ళ పని నీళ్ళపాలు. ఇప్పుడు చేరుతుందన్నాడు. నేను నోటుబుక్కు చూసుకుంటే ఒక సంగతి కుదరడం లేదు. నర్సమ్మ ఫోను చేసి పచ్చ గుర్తు వచ్చిందన్న వేళకి నా పెట్టె ఇంకా బొమ్మని దంతెవాడకి పంపుతూనే ఉంది. వాడు అన్నానికి కూర్చున్నప్పుడు అడిగాను.

“ఆడ నర్సమ్మకు పచ్చ గుర్తు పడితే, డాక్టరు దగ్గరికి బొమ్మ పోయినట్టేనా?”

“పోయినట్టే చిన్నమ్మా.”

“పోయినట్టేనా? పోయిందా?”

“ఏంది చిన్నమ్మా, పోలీసోని లెక్క అడుగుతున్నవు. నీ గోడ మీది పెట్టెకు వస్తే ఆడికి పోయినట్టే. డాక్టరు మెషిను తరఫున నీ పెట్టెనే అందింది అని చెప్పేస్తది. దాంతోని నర్సమ్మ మెషిను దడవకుండ దబదబ పంపుతది.”

“పంపినంక దాని దగ్గర నకలు ఉంటదా?”

“అందింది అన్నంక ఎందుకు? చెరిపేస్తది.”

“నడుమ నా బ్యాటరీ చచ్చి కూర్చుంటే?”

వాడు ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. “నీ బ్యాటరీ ఎందుకు కూర్చుంటది? నువ్వున్నవు గద చిన్నమ్మా.”

నువ్వున్నావు కదా. చిన్నతాత కూడా అట్లాగే నన్ను నమ్మి బండెక్కాడు. నడుమ ఉన్న నేను, అవతలి మనిషి తరఫున, అందింది అన్నాను. నా గోడ మీద, నా అక్క కొడుకు చేత, నా అబద్ధమే మళ్ళీ పుడుతోంది. నోరు మూసుకుంటే వాడు శుక్రవారం గెలుస్తాడు. అక్క ప్రేమా, వాడి ప్రేమా నాకు మిగులుతాయి. తెరిస్తే రెండూ పోతాయి. ఆ మెట్ల మీద పచ్చ గుర్తు చూసుకుని, డాక్టరు చూశాడు కాబట్టి ఫరవాలేదనుకుని ఇంటికి తిరిగిపోయే కడుపుతో ఉన్న పిల్ల ఎవరో నాకు తెలియదు. అమ్మ గుప్పిలి మాత్రం తెలుసు.

చెప్పాను. తాడు, బండి, రేవు, పన్ను, అంతా. నసగలేదు, నాకు చేతకాదు.

వాడు కంచంలో చెయ్యి కడిగేశాడు. సగం అన్నం అట్లాగే ఉంది. లేచి, గుమ్మం దగ్గర ఆగి, ఒకటే మాట అన్నాడు. “మా అమ్మ నిన్ను దేవుని లెక్క చూసుకుంది చిన్నమ్మా.” అమ్మకి నువ్వే చెప్పు నాయనా, నా వల్ల కాదు అని వెనక నుంచి అంటే, తిరగకుండానే, “నడుమ నన్నెందుకు పెడతవు?” అని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు రాలేదు. పెట్టె పచ్చగా మెరుస్తూనే ఉంది. మూడో రోజు వచ్చి, నావైపు చూడకుండా, వసారాలో కంప్యూటరు తెరుచుకుని కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తే తినలేదు. మా ఆయన పిలిస్తే వెళ్ళి ఆయన కంచం పక్కన కూర్చుని తిన్నాడు. గురువారం సాయంత్రానికి లేచి, గోడకి చెప్పినట్టు చెప్పాడు. ఇకనుంచి నడుమ పెట్టె ‘ఇక్కడిదాకా వచ్చింది’ అని మాత్రమే అనాలి. ‘అందింది’ అనే మాట దంతెవాడ మెషిను ఒక్కటే అనాలి. ఆ మాట వినేదాకా నర్సమ్మ మెషిను నకలు చెరపదు.

నర్సమ్మ వెంటనే ఫోను చేసింది. “ఏటి పిన్నీ, మునుపు బేగి పచ్చ వొచ్చీసీది, ఇప్పుడు సగం గుర్తొచ్చి నిలబడిపోతంది. పాడు చేసీసినారేటి?” బాగుచేశారమ్మా అన్నాను.

శుక్రవారం సాబ్‌లు వచ్చారు. చాయ్ తాగారు. రెండో చాయ్ కూడా తాగారు. బొమ్మ ముప్పాతిక దగ్గర నిలబడింది, బయట వాన. పెద్ద సాబ్ గడియారం చూసుకుని, పోయినవారం పంపిన రిపోర్టులో ఇంతకన్నా చాలా తొందరగా వచ్చింది కదా అని హిందీలో అడిగాడు. మావాడు చేతులు కట్టుకుని హిందీలోనే చెప్పిన జవాబు నాకు అర్థమైంది: అది తొందరగా చెప్పేది సాబ్, నిజం చెప్పేది కాదు. ఆయనకి నచ్చలేదు, మొహంలోనే తెలిసింది. అయినా, ఏమనుకున్నాడో గాని, పెట్టెలు ఊడదీయమనలేదు. వచ్చే వానల దాకా గడువిచ్చి పోయాడు.

ఆ ఏడాదంతా మావాడు మా వసారాలోనే పడున్నాడు. ఏమి చేశాడో నాకు అర్థమైనంత చెబుతాను. నది మీద వానకి పోయిన ముక్కల్ని మా పెట్టే కనిపెట్టి, ఇవి రాలేదు మళ్ళీ పంపు, ఇది వాన, రద్దీ కాదు, దడవకు అని నర్సమ్మ మెషినుకి చెప్పేటట్టు రాశాడు. దాంతో అది నత్తనడక మానింది. నడుమవాళ్ళు సాయం చెయ్యొచ్చు, అవతలివాళ్ళ మాట తాము ఇచ్చేయకూడదు, అంతే కట్టుబాటు. ఆ తర్వాత ఒకనాడు నేను నీళ్ళు పోయడం మరిచి నిజంగానే బ్యాటరీ కూర్చుంది. పెట్టెలో ఉన్న ఆరు బొమ్మలూ పోయాయి. మధ్యాహ్నం బ్యాటరీ మార్చగానే నర్సమ్మ మెషిను తనంతట తానే ఆరింటినీ మళ్ళీ పంపింది. ఆమెకి ఆ సంగతే తెలియదు. నోటుబుక్కులో మాత్రం నేను ‘తప్పు నాది, నీళ్ళు పోయలేదు’ అని రాశాను. వాడు అది చదివి కింద గీత గీశాడు.

ఉత్తరం సంగతి చెప్పలేదు కదూ. సాబ్‌లు పోయిన మర్నాడే రాశాను. పదిహేనేళ్ళు ఆగిన చెయ్యి ఆ రోజు ఆగలేదు. ‘అక్కా, అమ్మ నీకోసం కలవరించింది. నాన్న తాడు పంపాడు. కొస నేను కొరికాను. నీకు అందలేదు. నాన్న తప్పు లేదు.’ అంతకన్నా రాయడానికి ఏమీ లేదు. అక్కకి చదవరాదు, నది నిండుగా ఉంది. వాడి ముందు పెట్టాను. నా మాటలు ఉన్నవి ఉన్నట్టు చదువుతాననీ, తన సొంత జవాబు ఏదీ మోసుకురాననీ చెప్పి జేబులో పెట్టుకుని దోనె ఎక్కాడు.

తొమ్మిది రోజులు రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, పంపినవాళ్ళు కొసకోసం ఎట్లా చూస్తారో. చదివాడో లేదో, విని ఏమందో, అసలు విందో లేదో. ఫోను చేసి నర్సమ్మని అడగొచ్చు, కాని ఏమని అడగను? రోజుకి పదిసార్లు గట్టు మీదికి పోయి వాళ్ళింటి పొగ చూసి వచ్చేదాన్ని. అమ్మ గుమ్మంవైపు ఎట్లా చూసి ఉంటుందో తొమ్మిది రోజులు చూశాను.

పదో రోజు పొద్దున వాడు వచ్చి, చొక్కా జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు. నాలుగు వేళ్ళ పొడవు అడ్డనార కొస. ఒక చివర నలిగి, చీలి, తడి ఆరిన గుర్తులు. అప్పటికి అక్కకి ముందు పళ్ళు రెండే ఉన్నాయి. నమలలేక నమలలేక కొరికినట్టుంది. ఇంకేమీ అనలేదట, తిట్టనూ లేదట. పొద్దున్నే లేచి తీగ కోసుకొచ్చి, నార తీసి, పేని, కొరికి, ఇయ్యి అందట.

నన్ను క్షమించిందని రాయను. తాడు కొసకి ఆ అర్థం లేదు. అందింది అని మాత్రమే దాని అర్థం. నాకు అంతే చాలింది.

నీళ్ళు తగ్గాక, సంక్రాంతి దాటాక, నడిచే వచ్చింది. వసారాలో చతికిలబడి, మంచినీళ్ళు తాగి, నా గోడ మీది పెట్టెని కిందికీ మీదికీ చూసింది.

“ఇదేనా చెల్లే, నీకన్న నిజం చెప్పేది?”

అవునన్నాను. “నీ కోడికైనా తెలివి ఉంటే దానిమీద కూసోదు, దింపు,” అంది. ఇద్దరం కలిసి కోడిని దింపాం. తర్వాత నాన్న గురించి అడిగింది, పోయేటప్పుడు తన పేరు తలిచాడా అని. తలిచాడని చెప్పాను. అది నిజమే. చాలాసేపు కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ధాన్యం బుట్ట మాత్రం మళ్ళీ పంపలేదు. నేనే పంపేదాన్ని, ప్రతిసారీ బుట్ట ఖాళీగా తిరిగొచ్చేది, తీసుకున్నట్టు.

మొన్న ఆ ఇద్దరు మనుషులూ పాత పెట్టెని ఊడదీస్తే గోడ మీద నాలుగు మేకులూ, వెలిసిపోని సున్నం చతురస్రమూ మిగిలాయి. ఒక మేకుకి ఏళ్ళుగా నేను కట్టి ఉంచిన నార ముక్కని చూసి లావుపాటాయన, ఇదేందమ్మా, చెత్తల వెయ్యనా అని పీకబోయాడు. రసీదు, ముట్టుకోకు అన్నాను. సామాను అంతా చూసుకున్నాక కాగితం మీద దస్తఖత్ పెట్టి, వాళ్ళు అడక్కపోయినా పక్కన ‘అందింది’ అని నా చేత్తో నేను రాశాను.

ఇప్పుడు వంతెన మీదుగా కేబులు వచ్చేసింది. బొమ్మ కన్ను మూసి తెరిచేలోపు దంతెవాడ చేరుతుందట. మా మనవరాలు ఫోనులో నాకేదో పంపి, నేను తెరిచి చూడకముందే, అమ్మమ్మా నీకు పోయింది, గుర్తు పడింది అంటుంది. పడే ఉంటుంది, అబద్ధమాడదు మెషిను, దానికి కట్టుబాటు నేర్పినవాళ్ళు ఎక్కడో మా వాడిలాంటివాళ్ళే అయి ఉంటారు. కాని ఆ గుర్తు నా ఫోనుకి అందిందని చెబుతుంది, నాకు అందిందని కాదు. ఒక మనిషి కబురు ఇంకో మనిషికి చేరడానికి రెండు రోజులు వానలో నడిచే కాళ్ళూ, దాన్ని ఒప్పుకోవడానికి ఒక నోట్లో పళ్ళూ కావాల్సిన కాలం మాది. ఆ కాలం మళ్ళీ రావాలని నేను కోరను, దానివల్ల నేను పోగొట్టుకున్నది చాలా ఉంది. అయినా పొద్దున్నే వసారాలో కూర్చుని ఆ మేకుకి వేలాడే నలిగిన కొసని చూసినప్పుడల్లా, ఇంత గట్టిగా, ఇంత కష్టపడి, అందింది అని నాకు చెప్పేవాళ్ళు ఇక ఎవరున్నారా అనిపిస్తుంది.